బదులు మాస్టారు

అమెరికా హైస్కూల్లో టీచరు సెలవు పెడితే ఆ పీరియడ్ ఖాళీగా ఉండదు. మనం చదువుకున్న రోజుల్లో లెక్కల మాస్టారు రాలేదంటే లీజర్ పీరియడ్ అని సంబరపడేవాళ్ళం. మహా అయితే పీఈటీ సార్ వచ్చి, గోల చెయ్యకుండా చదువుకోండర్రా అని చెప్పి, కుర్చీలో కూర్చుని పేపర్ తిరగేసేవారు. ఇక్కడ అలా కాదు. ప్రతి స్కూలు జిల్లా దగ్గరా సబ్‌స్టిట్యూట్ టీచర్ల జాబితా ఒకటి ఉంటుంది. ఫలానా రోజు ఫలానా బడిలో ఫలానా క్లాసుకి మనిషి కావాలని ఫోన్‌కి కబురొస్తుంది. ముందు ఒప్పుకున్నవాళ్ళది ఆ పని. ఇలా ఒకరోజు బదులుకి వెళ్ళేవాళ్ళు కాక, నెలల తరబడి ఒకే క్లాసు చూసేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళని లాంగ్ టర్మ్ సబ్ అంటారు. 2024 జనవరి చివర్నుంచి 12 వారాలపాటు నేను చేసిన ఉద్యోగం అది. టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ హైస్కూలు, తొమ్మిదో తరగతి పిల్లలకి ఆల్జీబ్రా.

ఐటీ వాడివి నీకిదేం బుద్ధి అని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి ముందు ఆ ముచ్చట తేల్చేస్తాను. నేను పనిచేస్తున్న కంపెనీ ఒక మంగళవారం పొద్దున మా టీమ్ మొత్తాన్నీ పావుగంట వీడియో కాల్‌లో ఇంటికి పంపేసింది. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆలోగా ఇంకో కంపెనీ అయినా దొరకాలి, స్టేటస్ అయినా మార్చుకోవాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి. మా ఆవిడకి హెచ్1బి ఉంది, తన ఐ-140 ఆమోదం పొంది ఉంది. అంచేత నేను హెచ్4కి మారి, పని చేసుకునే కాయితం కోసం అప్లై చేశాను. ఇలాంటి జీవిత భాగస్వాములకి పని చేసే వీలు 2015లో వచ్చింది. అంతకుముందైతే ఇంట్లో పప్పు తాలింపు పెట్టుకుంటూ కూర్చోవడమే. ఆ కార్డు చేతికొచ్చేసరికి నెలలు పట్టింది, ఐటీ మార్కెట్టేమో అప్పటికి ఎండిపోయి ఉంది. ఈ కార్డుకున్న సుగుణం ఏమిటంటే ఏ పనైనా చెయ్యొచ్చు. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు మాత్రం దయచేసి ఇది చదివి బడికి పరిగెత్తకండి. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పనిచేసే వీలు మీకు లేదు.

టెక్సాస్‌లో సబ్‌స్టిట్యూట్‌గా వెళ్ళడానికి ఏం చదివుండాలో రాష్ట్రం చెప్పదు, ఏ జిల్లాకి ఆ జిల్లా నిర్ణయించుకుంటుంది. మా జిల్లావాళ్ళు డిగ్రీ అడిగారు. మన ఇంజనీరింగ్ డిగ్రీ ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో ఒక ఏజెన్సీతో రాయించి ఇచ్చాను. వేలిముద్రలు తీసుకున్నారు. మొదట్లో రోజువారీ పిలుపులకి వెళ్ళాను. రెండు నెలలయ్యాక, ఆల్జీబ్రా టీచరుగారు ప్రసవానికి వెళ్తున్నారు, 12 వారాలు చూస్తారా అని ఆఫీసులో అడిగారు. 12 అనే అంకె ఎక్కడిదంటే, 1993 నాటి సెలవుల చట్టం ఇచ్చేది అంతే. అదీ జీతం లేని సెలవు, ఉద్యోగం మాత్రం పోదు. మన దేశంలో 2017 సవరణ తర్వాత 26 వారాలు, జీతంతో సహా. ఆవిడ మూడు నెలల పసిబిడ్డని వదిలి ఏప్రిల్‌లో మళ్ళీ బోర్డు ముందు నిలబడబోతున్నారని తెలిసే ఆ గది తాళం తీసుకున్నాను.

ఆరు క్లాసులు, 150కి దగ్గరగా పిల్లలు. ఇవాళ మూడు క్లాసులు, రేపు మూడు, ఒక్కొక్కటీ గంటన్నర. పొద్దున్నే మైకులో అమెరికా జెండాకి ప్రతిజ్ఞ, ఆ వెంటనే టెక్సాస్ జెండాకి ఇంకో ప్రతిజ్ఞ, ఆపైన ఒక నిమిషం మౌనం. నేను నిలబడతాను కానీ ఏమీ అనను. నేను నేర్చుకున్న ప్రతిజ్ఞ వేరే ఉంది, 1962లో మన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులో రాసింది. ఆ నిమిషం మౌనంలో నాకు రోజూ అదే గుర్తొచ్చేది.

పిల్లలు నన్ను ‘మిస్టర్’ అని పిలిచేవాళ్ళు. మా ఇంటిపేరు పలకలేక కాదు, సగానికి పైగా స్పానిష్ మాట్లాడే ఇళ్ళ పిల్లలు, వాళ్ళకది మన ‘సార్’ లాంటిదే. మొదటి వారం అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: “మిస్టర్, అసలు టీచర్ ఎప్పుడొస్తారు?” అసలుకి ఎదురుమాట మనకి వడ్డీ, ఇక్కడ నేను. తెలుగులో ‘బదులు’ అంటే ఒకరి స్థానంలో ఇంకొకరు. బదులంటే జవాబు కూడా. చేబదులంటే అప్పు. ఈ మూడూ ఆ 12 వారాల్లో నాకు పనికొచ్చాయి.

లెక్కలు ఏ దేశంలో అయినా లెక్కలే అంటారు గానీ, వాటిని పలికే భాష మాత్రం మారుతుంది. మనం ‘త్రీ ఇంటూ ఫోర్’ అంటే పన్నెండు. ఇక్కడి పిల్లలకి ‘త్రీ ఇంటూ ట్వెల్వ్’ అంటే పన్నెండుని మూడుతో భాగించడం, జవాబు నాలుగు. ఒకే మాట అక్కడ గుణకారం, ఇక్కడ భాగహారం. మన బోడ్‌మాస్ ఇక్కడ పెమ్‌డాస్. మన ట్రెపీజియం ఇక్కడ ట్రెపిజాయిడ్. సరళరేఖ సమీకరణంలో మనకి ‘ఎమ్ఎక్స్ ప్లస్ సి’, వీళ్ళకి ‘ఎమ్ఎక్స్ ప్లస్ బి’. ‘డౌట్’ అన్నా వేరే అర్థమే. ఎనీ డౌట్స్ అని అడిగితే, నా మీద మీకేమైనా అనుమానాలున్నాయా అని అడిగినట్టు ఉంటుంది. ఉన్నాయి కూడా.

ఆ అనుమానాలకి మార్చి మొదట్లో ప్రభుత్వ ముద్ర కూడా పడింది. టెక్సాస్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేని మనిషి ఒకే క్లాసుకి వరసగా 30 పనిదినాలకి మించి పాఠం చెబితే, ఆ సంగతి తల్లిదండ్రులకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. ఇంగ్లీషులో, స్పానిష్‌లో ఉత్తరం వెళ్ళింది. మర్నాడు ఒకమ్మాయి దాన్ని తెచ్చి క్లాసులో గట్టిగా చదివింది. “మిస్టర్, మీరు టీచర్ కాదని మా అమ్మకి రాశారు.” క్లాసంతా నా మొహం చూస్తోంది. చట్టం మంచిదే. నా కూతురు బడిలో ఎవరు పాఠం చెబుతున్నారో తెలుసుకునే హక్కు నాకూ కావాలి. అదే చెప్పాను: “నిజమే, నేను సర్టిఫికెట్ ఉన్న టీచర్ని కాదు. లెక్క వచ్చు. మీకు ఎక్కడ అర్థం కావడం లేదో కనిపెట్టే పని చేస్తున్నాను. మీ అమ్మగారికి ఇంకేమైనా తెలియాలంటే ఈ నంబరుకి ఫోన్ చెయ్యమను.” ముగ్గురు అమ్మలు, ఒక తాతగారు చేశారు. తాతగారు స్పానిష్‌లో మాట్లాడితే మనవరాలే పక్కనుంచి అనువాదం చేసింది. ఆయన అడిగింది ఒక్కటే, మా పిల్ల బుద్ధిగా ఉంటోందా అని. ఆ అనువాదం నమ్మదగినదో కాదో ఇప్పటికీ చెప్పలేను.

కనిపెట్టే పని అన్నాను కదా, అది మాటవరసకి అన్నది కాదు. సాఫ్ట్‌వేర్‌లో పదేళ్ళు ఉంటే ఒక అలవాటు పట్టుబడుతుంది. ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇచ్చిందంటే దానికి పిచ్చెక్కిందని అనుకోం. దాని లెక్క ప్రకారం అది సరిగ్గానే చేసింది, ఆ లెక్క ఏమిటో వెతకాలి. పిల్లల పేపర్లు దిద్దుతూ అదే చేశాను. ఎక్స్ ప్లస్ త్రీ హోల్ స్క్వేర్ ఎంత అంటే, ఒక క్లాసులో 28 మందికి 19 మంది ఎక్స్ స్క్వేర్ ప్లస్ నైన్ అని రాశారు. పందొమ్మిది మంది కూడబలుక్కోలేదు. రెండింతలు చెయ్యమంటే బ్రాకెట్‌లో ఉన్న రెండిటినీ విడివిడిగా రెండింతలు చేస్తే సరిపోతుంది, కాబట్టి వర్గం చెయ్యమన్నా అంతే అనుకున్నారు. అది బద్ధకం కాదు, ఆలోచనే, కాకపోతే చెల్లని చోట వాడారు.

మనకైతే ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అనగానే ఫార్ములా నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. అది పాడించి లాభం లేదని, బోర్డు మీద 13 అడుగుల పొడుగూ 13 అడుగుల వెడల్పూ ఉన్న గది గీశాను. ఎన్ని చదరపు అడుగులు? కాలిక్యులేటర్ నొక్కి 169 అన్నారు. ఇప్పుడు 13ని 10 ప్లస్ 3 అనుకుని మీ పద్ధతిలో చెయ్యండన్నాను. 100, 9, మొత్తం 109. కాసేపు గొణుగుళ్ళు. ముందు వరసలో ఒకమ్మాయి, “మిగతా అరవై ఎక్కడికి పోయింది?” అంది. అదీ నాకు కావాల్సిన ప్రశ్న. గదిని నిలువునా అడ్డంగా విడదీస్తే ఒక పెద్ద చదరం, ఒక చిన్న చదరం, వాటి పక్కన 10 బై 3 ముక్కలు రెండు. ముప్ఫై, ముప్ఫై. “ఆ రెండు గదులకీ టైల్స్ వెయ్యకుండా వదిలేశాం” అన్నాడొక అబ్బాయి. వాళ్ళ నాన్న టైల్స్ పనే చేస్తాడట. ఆ తర్వాత ఎవరు ఆ మధ్య పదం మర్చిపోయినా, క్లాసులో వెనకనుంచి ‘టైల్స్!’ అని కేక వినపడేది.

వెనక వరసలో కూర్చునే ఇంకో అబ్బాయి సంగతి చెప్పాలి. పదహారేళ్ళు, ఈ ఆల్జీబ్రా రెండోసారి చదువుతున్నాడు. టెక్సాస్‌లో హైస్కూలు పూర్తి కావాలంటే రాష్ట్రం పెట్టే అయిదు స్టార్ పరీక్షలు గట్టెక్కాలి, అందులో ఆల్జీబ్రా ఒకటి. తప్పితే మళ్ళీ మళ్ళీ రాయొచ్చు, రాసిన కొద్దీ మనసు విరిగిపోతుంది. ఈ అబ్బాయి సాయంత్రాలు మావయ్య టైర్ల షాపులో పనిచేసి వచ్చి, పొద్దున మొదటి పీరియడ్‌లో తల వాల్చేసేవాడు. ఒకరోజు ఉన్నట్టుండి తల ఎత్తి, “మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకవుతుంది?” అన్నాడు. పక్కవాడు, “రూలు అంతేరా” అన్నాడు. “ఎవరు పెట్టారు?”

మనం దాన్ని మంత్రంలా నేర్చుకున్నాం. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్. ఎందుకని మా బడిలో ఎవరూ అడిగిన గుర్తు లేదు. ఇరవై దాకా ఎక్కాలు నిద్రలో లేపి అడిగినా చెప్పే నాకు, ఇంజనీరింగ్ గణితం నాలుగు పేపర్లు రాసిన నాకు, ఆ ప్రశ్న వేసినవాడు ఆల్జీబ్రా తప్పిన కుర్రాడు. ఎల్లుండి క్లాసులో చెబుతానన్నాను.

ఎల్లుండి బోర్డు మీద వరసగా రాశాను. మూడు సార్లు మైనస్ 2 అంటే మైనస్ 6. రెండు సార్లు, మైనస్ 4. ఒకసారి, మైనస్ 2. సున్నా సార్లు, సున్నా. ప్రతి మెట్టుకీ 2 పెరుగుతోంది. తర్వాతి మెట్టు మైనస్ ఒకటి సార్లు, ఎంత? చాలామంది 2 అనేశారు. వాడు ఒప్పుకోలేదు. “అది ప్యాటర్న్ మిస్టర్, కారణం కాదు.” వాడికి ఆల్జీబ్రా రాదని ఎవరన్నారో గానీ, ఆ మాట అనగలిగినవాడికి లెక్కల బుర్ర లేదంటే నేను నమ్మను.

అప్పుడు అప్పుల లెక్క తీశాను. నిజానికి ఈ లెక్క మన దగ్గర పాతదే. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ధనం, ఋణం అనే పేర్లతోనే ఈ సూత్రాలు ఉన్నాయి. తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి తెలుసు, మనకి ఈనాటికీ అవి ధన సంఖ్యలూ రుణ సంఖ్యలే. పాజిటివ్, నెగటివ్ అన్న మాటల్లో డబ్బూ లేదు, అప్పూ లేదు. మన పుస్తకంలో మాత్రం రోజూ కళ్ళెదుటే ఉండేది, మనమే పట్టించుకోలేదు. వాడికి ఇలా చెప్పాను: “మీ షాపులో నువ్వు ముగ్గురికి తలా 20 డాలర్లు బాకీ ఉన్నావు. అంటే మూడు సార్లు మైనస్ 20. నీ లెక్క మైనస్ 60. ఇప్పుడు ఆ ముగ్గురూ ఆ బాకీలు కొట్టేశారు. మూడు బాకీలు తీసేశాం, అంటే మైనస్ మూడు సార్లు మైనస్ 20. నీ లెక్కలో ఏం మారింది?”

“చేతికి అరవై రాలేదుగా?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు, ఉత్తరం చదివిన అమ్మాయే అందుకుంది. “శుక్రవారం జీతంలోంచి అరవై పోవాలి కదా నీకు? ఇప్పుడు పోదు. మరి అది నీదే కదా!” వాడు చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కాయితం తీసుకుని ఏవో అంకెలు వేసుకున్నాడు. ఆ రోజు మొదటిసారి తల వాల్చకుండా గంటన్నరా కూర్చున్నాడు.

ఇంకో రెండు విషయాలు చెప్పకపోతే ఇక్కడి బడి గురించి చెప్పినట్టు కాదు. మొదటిది, నాకు తాళంతో పాటే ఇచ్చిన ఒక ఫైలు. ఏ బిడ్డకి పరీక్షలో ఎక్కువ సమయం ఇవ్వాలి, ఎవరికి ప్రశ్న చదివి వినిపించాలి, ఎవరిని ముందు వరసలో కూర్చోబెట్టాలి, ఎవరికి పెద్ద లెక్కని చిన్న ముక్కలు చేసి ఇవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. ఇవి టీచరు దయాదాక్షిణ్యాలు కావు, 1973, 1975 చట్టాల నుంచి వచ్చిన హక్కులు. సబ్‌స్టిట్యూట్ కూడా పాటించి తీరాలి. మా తరగతిలో అంకెలు తిరగేసి రాసే ఒక స్నేహితుడు ఉండేవాడు. వాడికి మా బడి ఇచ్చింది ‘మొద్దు’ అన్న పేరూ, బెంచీ మీద నిలబడే చోటూ. ఆ ఫైలు చదువుతున్నంతసేపూ వాడే కళ్ళముందున్నాడు.

రెండోది, ఈ బడి ఏ పిల్లవాడినీ నీ కాయితాలేవి అని అడగదు. 1982లో సుప్రీంకోర్టు తీర్పు అది, కేసు పుట్టింది కూడా టెక్సాస్‌లోనే. వీసా ఉన్నా లేకపోయినా బిడ్డకి బడి తలుపు తెరిచి ఉండాల్సిందే. 60 రోజుల గడువు లెక్కపెట్టుకుని, కార్డు కోసం రోజూ పోస్టు డబ్బా తెరిచి చూసుకున్న మనిషిని నేను. అలాంటి నాకు, ఎవరి స్టేటస్ ఏమిటో ఎవరికీ తెలియని, తెలియనక్కర్లేని ఒక గదిలో రోజంతా గడపడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పడం కష్టం. హాయిగా ఉంటుంది, అంతే.

జీతం సంగతి అడుగుతారేమో. ఒక రోజంతా నిలబడితే వచ్చేది నా పాత ఉద్యోగంలో రెండున్నర గంటల సంపాదన. ఇంటికి ఫోన్ చేస్తే బంధువులు గొంతు తగ్గించి, మళ్ళీ ఐటీలో ఎప్పుడు చేరతావు నాయనా అని పరామర్శించేవారు. పిన్ని మాత్రం అలా అడగలేదు. తను నల్గొండ దగ్గర ఒక ఊళ్ళో కొన్నేళ్ళు విద్యా వాలంటీరుగా చేసింది. ఖాళీ పోస్టులో ఏడాదికి సరిపడా పెట్టుకుని, సెలవులు రాగానే పంపించేసే ఉద్యోగం. నేను చెప్పిందంతా విని, “నెలనెలా పడుతున్నాయారా డబ్బులు?” అంది. పడుతున్నాయన్నాను. “అయితే మంచి ఉద్యోగమే. పిల్లల పేర్లు వచ్చేశాయా నీకు? పేరు పెట్టి పిలిస్తేనే మాట వింటారు.” అన్ని ఫోన్లలోనూ పనికొచ్చిన సలహా అదొక్కటే. నేనప్పటికే 150 పేర్లూ నేర్చేసుకున్నానని చెబితే చిన్నపిల్లలా సంతోషపడింది.

ఏప్రిల్ మధ్యలో టీచరుగారు తిరిగొచ్చారు. పరీక్షకి ఇంకా రెండు మూడు వారాలుంది. నేను తాళం, ఫైలు, మార్కుల పట్టికలతో పాటు చేత్తో రాసిన ఒక నోటుపుస్తకం కూడా ఇచ్చాను. మనిషికి ఒకటి రెండు వాక్యాలు, ఎవరు ఎక్కడ ఆగిపోయారో, ఏం చెబితే కదిలారో. ఆవిడ నిలబడే పది పేజీలు తిప్పారు. కళ్ళ కింద నిద్రలేమి నల్లగా కనపడుతోంది. “ఇది నాకు పనికొస్తుంది” అన్నారు. బిడ్డ ఫోటో చూపించారు. అంతే.

జూన్‌లో ఫలితాలు వచ్చి ఉంటాయి. పిల్లల చదువు వివరాలు బయటివాళ్ళకి చెప్పకూడదని 1974 నుంచీ ఒక చట్టం ఉంది. బడి గేటు దాటిన రోజునుంచి నేను బయటివాడినే. నాకిప్పుడు మళ్ళీ ఐటీ ఉద్యోగం ఉంది, రోజూ మీటింగులున్నాయి. టైర్ల షాపు అబ్బాయి పరీక్ష గట్టెక్కాడో లేదో నాకు తెలియదు, అడిగే హక్కూ లేదు. వాడి పేరు ఎదురుగా నోటుపుస్తకంలో ఏం రాశానో మాత్రం గుర్తుంది: ‘పొద్దున నిద్రపోతే లేపకండి, పదినిమిషాల్లో తనే లేస్తాడు. ఎందుకు అని అడిగితే రూలు చెప్పకండి, కారణం చెప్పండి. కారణం తెలిస్తే చేస్తాడు.’